నల్లబల్ల మారింది.. వరుస మారలేదు

గత విద్యా సంవత్సరంలో ఒక పరిశోధన పనిమీద మారుమూల మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. 10వ తరగతిలో జీవశాస్త్రం పాఠం నడుస్తున్నది. రక్త ప్రసరణ, గుండె నిర్మాణం ఆనాటి అంశాలు. ఎవరో దాతలు ఇచ్చిన మూడు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు బల్లమీద ఉన్నాయి. కళ్ళకు తగిలించుకుంటే కర్ణికలోకి, అక్కడి నుంచి జఠరికలోకి మనమే నడిచి వెళ్ళినట్లు ఉంటుంది. కవాటాలు తెరుచుకోవడం, మూసుకోవడం కళ్ళెదుట కనిపిస్తుంది. ఉపాధ్యాయుడు పది నిమిషాలు చక్కగా వివరించి, మొదటి బెంచీ నుంచి ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టాడు.

తరగతిలో 42 మంది ఉన్నారు. పట్టీ సరిచేసుకుని, చూసి, తిరిగి ఇవ్వడానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు పట్టింది. 30 మంది చూసేసరికి గంట కొట్టారు. 12 మంది మిగిలిపోయారు. తర్వాత వారితో మాట్లాడాను. ఆ 12 మందిలో 9 మంది సంక్షేమ హాస్టల్ పిల్లలు, ఎస్సీ కాలనీ పిల్లలు. హాస్టల్‌లో ఉదయం స్నానానికి నీళ్ళ దగ్గర వరుస. టిఫిన్‌కు మరో వరుస. అవన్నీ దాటి వారు బడికి చేరేసరికి ముందు బెంచీలు నిండిపోయి ఉంటాయి. ఏమీ అనిపించలేదా అని ఒక అమ్మాయిని అడిగాను. ‘మాకు ఎప్పుడూ చివరే కదా సార్, అంతలో గంట కొడతారు’ అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. వానాకాలంలో వాన పడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తరగతి గదిలో ఎవరూ ఎవరినీ కులం పేరుతో దూషించలేదు. ఉపాధ్యాయుడు మంచివాడు, శ్రద్ధగలవాడు. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా పాఠం ముగిసేసరికి, ఊరు ఒక వైపు, వాడ మరొక వైపు మిగిలాయి. తరగతి గదిలో సాంకేతికత గురించి మన రాష్ట్రాలలో జరుగుతున్న చర్చ ఈ దృశ్యాన్ని చూడడం లేదు. ఎన్ని ట్యాబ్‌లు పంచారు, ఎన్ని డిజిటల్ బోర్డులు బిగించారు, ఏ యాప్‌లో ఎన్ని పాఠాలు ఉన్నాయి అన్న లెక్కలే వినిపిస్తున్నాయి. ఆ పరికరం ఎవరి దగ్గరికి ముందు వెళ్ళింది, ఎవరి దగ్గరికి వెళ్ళకముందే గంట మోగింది అన్న లెక్క ఎవరూ రాయడం లేదు. నా దృష్టిలో అసలు లెక్క అదే.

బోధన పరికరానికి, కులానికి ఉన్న సంబంధం కొత్తది కాదు. సాతారా బడిలో బాలుడైన అంబేడ్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నాడు. ఆ గోనెపట్టాను బడి ఊడ్చే మనిషి కూడా ముట్టుకోలేదని ఆయనే తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నాడు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో జరిగిన ఘటనను ఆయన జీవిత చరిత్రకారుడు ధనంజయ్ కీర్ నమోదు చేశాడు. లెక్క చేయడానికి ఉపాధ్యాయుడు అంబేడ్కర్‌ను నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. ఆ బల్ల వెనుక సవర్ణ విద్యార్థుల టిఫిన్ డబ్బాలు ఉన్నాయి. అతడు అక్కడికి చేరేలోగా వాటిని తీసేయడానికి వారంతా పరుగెత్తారు. నల్లబల్ల ఆనాటి తరగతి గదిలో ప్రధాన సాంకేతిక పరికరం. చెక్కకు, రంగుకు కులం లేదు. దాని దగ్గరికి వెళ్ళే దారికి మాత్రం ఉన్నది.

నా అనుభవం అంత తీవ్రమైనది కాదు కాని, అదే దారిలోది. 1990లలో నేను చదివిన బడిలో ఒక సూక్ష్మదర్శిని ఉండేది. అది బీరువాలో ఉండేది, బీరువాకు తాళం ఉండేది. ఉల్లిపొర కణాల బొమ్మను పుస్తకంలో చూసి రికార్డులో గీసి మార్కులు తెచ్చుకున్నాను. సూక్ష్మదర్శినిలో నిజంగా కన్ను పెట్టింది డిగ్రీలో చేరిన తర్వాతనే. పాడవుతుందన్న భయంతో తాళం వేశారు. ఎవరి చేతిలో పాడవుతుందని భయపడ్డారో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ తనిఖీ రోజున మాత్రమే పెట్టెలో నుంచి బయటికి వచ్చే హెడ్‌సెట్‌ను చూసినప్పుడల్లా నాకు ఆ బీరువా గుర్తుకు వస్తుంది.

సాంకేతికతతో చదువు పల్లెకు చేరుతుందన్న ఆశ కూడా కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు మన దేశంలో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం జరిగింది. నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పగలు బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఆ ప్రయోగంలో నేటి పాలకులు నేర్చుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. టీవీ ఊరందరిదిగా ఉండాలని, అది ఉమ్మడి స్థలంలో ఉండాలని అనుకోవడమే ఆ పాఠం. ఈనాటి యాప్ దీనికి పూర్తి విరుద్ధమైన భావన మీద నిలబడి ఉన్నది. ఎవరి ఫోన్ వారిది, ఎవరి డేటా వారిది, ఎవరి చదువు వారిది.

ఆ భావన ఎక్కడికి దారి తీస్తుందో 2020లో చూశాం. కేరళలో జూన్ 1న ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో 9వ తరగతి చదివే దళిత బాలిక ప్రాణం తీసుకున్నది. ఇంట్లో టీవీ పనిచేయడం లేదు, స్మార్ట్‌ఫోన్ లేదు. దేశంలోకెల్లా అక్షరాస్యతలో ముందున్న రాష్ట్రంలోనే ఇది జరిగింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. యాప్‌తో పోలిస్తే టీవీ ఎక్కువ ఇళ్ళకు చేరుతుంది కనుక అది సరైన ఆలోచనే. కాని ఒక్క గది ఇంట్లో, కూలికి వెళ్ళిన తల్లిదండ్రుల స్థానంలో తమ్ముణ్ణి ఎత్తుకున్న పదేళ్ళ పిల్ల ఆ పాఠం ఎలా వింటుంది?

ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన ఆడపిల్ల చేతికి వచ్చినట్లు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులలో ఆ సంఖ్యలు వరుసగా 48.8, 57.9. ఇవి అన్ని కులాలనూ కలిపి తీసిన సగటులు. దళిత, ఆదివాసీ, సంచార కులాల ఆడపిల్లలు ఈ సగటుకు ఏ వైపున ఉంటారో వేరే చెప్పనవసరం లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ లేకున్నా పనిచేసేలా పాఠాలను ముందే అందులో నింపి ఇచ్చింది. పిల్లవాడి చేతికి పరికరం ఇవ్వడం, నెట్ అవసరం లేకుండా చేయడం మెచ్చుకోదగిన నిర్ణయాలు. కార్పొరేట్ బడి పిల్లల దగ్గర ఉన్న వస్తువు మాల, మాదిగ, యానాది, సుగాలి పిల్లల సంచిలోకి కూడా వచ్చింది. దీనిని దుబారా అని తేలికగా కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించను. తమ పిల్లలకు అవసరమైనది, పేదల పిల్లలకు విలాసం ఎలా అవుతుంది?

నా అభ్యంతరం వేరొకటి. ఆ ట్యాబ్‌లోని పాఠం బైజూస్ అనే ప్రైవేటు కంపెనీది. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియకు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతించింది. బడి పిల్లలను వర్చువల్ యాత్రలకు తీసుకువెళ్ళిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్‌ను ఆ కంపెనీ 2021 జూన్‌లో మూసివేసింది. కంపెనీలు పుడతాయి, మునుగుతాయి, వ్యాపారం లాభించకపోతే తలుపులు మూసుకుంటాయి. అది వాటి స్వభావం. ఉన్నవారి పిల్లలు మరుసటి రోజే మరో యాప్‌కు చందా కడతారు. ప్రభుత్వ బడి పిల్లవాడికి మాత్రం మరో ప్రభుత్వం, మరో ఒప్పందం, మరో టెండరు వచ్చేదాకా ఆగడమే మిగులుతుంది. పాఠ్యపుస్తకం హక్కు ప్రభుత్వం చేతిలో ఉన్నట్లే, డిజిటల్ పాఠం హక్కు కూడా ప్రభుత్వం చేతిలో, అంటే ప్రజల చేతిలో ఉండాలని నేను అనేది అందుకే.

పరికరం ఇస్తే చదువు దానంతట అదే వస్తుందా? ఈ ప్రశ్నకు ప్రపంచ అనుభవం స్పష్టంగానే జవాబు చెప్పింది. పెరూ దేశంలో గ్రామీణ బడుల పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 2012లో వెలువడిన అధ్యయనం గణితంలో కాని, భాషలో కాని చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదని తేల్చింది. అదే సమయంలో మన ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌పై జరిగిన అధ్యయనం వేరే ఫలితం చూపింది. 2019లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం, నాలుగున్నర నెలల్లోనే పిల్లలు గణితంలోను, హిందీలోను గణనీయంగా ముందుకు వెళ్ళారు.

తేడా ఎక్కడ ఉన్నది? పెరూలో యంత్రం చేతికి ఇచ్చి ఊరుకున్నారు. ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడలేదు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో కనిపెట్టి అక్కడి నుంచి చెప్పింది. దానితోపాటు చిన్న చిన్న బృందాలకు చదువు చెప్పే మనుషులూ ఆ కేంద్రాలలో ఉన్నారు. 8వ తరగతిలో కూర్చుని 4వ తరగతి భాగహారం దగ్గర ఆగిపోయిన బిడ్డ ఎవరు? వలస వెళ్ళిన తల్లిదండ్రులతో ఇటుక బట్టీల దగ్గర ఏడాదిలో సగం గడిపిన బిడ్డ. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులూ ఒకే గదిలో చదివిన బిడ్డ. 8వ తరగతి పాఠాన్ని ఎంత అందమైన త్రీడీ బొమ్మలో చూపినా ఆ బిడ్డకు అది బొమ్మగానే మిగులుతుంది. వెనుకబడిన మెట్టు దగ్గరికి దిగివచ్చే సాంకేతికతే సామాజిక న్యాయానికి పనికివస్తుంది.

ఇక్కడ నా మిత్రులలో కొందరు ఒక వాదన చేస్తారు. దానిలో బలం ఉన్నది. ‘మనిషి కంటే యంత్రమే నయం. ఉపాధ్యాయుడు ఇంటిపేరు అడుగుతాడు, యాప్ అడగదు. పదిసార్లు అడిగితే ఉపాధ్యాయుడు మీకెందుకురా చదువు అంటాడు, యాప్ పదకొండోసారి కూడా చెబుతుంది’ అంటారు. నిజమే. సిగ్గుపడకుండా తప్పు చేయగల స్వేచ్ఛ తరగతి గదిలో దళిత బిడ్డకు దొరకని గొప్ప వరం. ఆ స్వేచ్ఛను తెర ఇవ్వగలిగితే దానిని రెండు చేతులా అందుకోవాలి.

అయితే చదువు తెరతోనే ముగియదు. ఆ బిడ్డ రేపు మనుషులు నడిపే కళాశాలకు, మనుషులు మార్కులు వేసే వైవాకు, మనుషులు గదులు కేటాయించే విశ్వవిద్యాలయానికి రావాలి. కార్ల్ సేగన్ వంటి సైన్స్ రచయిత కావాలని కలలు కన్న రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. నక్షత్రాల గురించి తెలుసుకోవడానికి అతనికి ఏ యాప్ సాయమూ అవసరం లేకపోయింది. అతనికి కావలసినది తనను మనిషిగా చూసే సంస్థ. వివక్ష చూపే ఉపాధ్యాయుణ్ణి మార్చే పనిని పక్కనపెట్టి, అతని పక్కన ఒక తెర నిలబెట్టడం సమస్యను దాటవేయడమే అవుతుంది. ఖాళీ పోస్టులు నింపకుండా ఉండడానికి డిజిటల్ బోర్డును సాకుగా వాడడం మరింత ప్రమాదకరం.

తెరమీద ఏమి కనిపిస్తున్నదన్నది మరో ప్రశ్న. నేను చూసిన వర్చువల్ పాఠాలలో పిరమిడ్లు ఉన్నాయి, అంగారక గ్రహం ఉన్నది, సముద్ర గర్భం ఉన్నది. పిల్లలు అవన్నీ చూడాలి. కాని ఆ పిల్లల తాతముత్తాతల విజ్ఞానం వాటిలో ఎక్కడా లేదు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో దానికి పెద్దపీట. అదే తంగేడు చెట్టు బెరడుతో, కరక్కాయతో మాదిగలు తరతరాలుగా తోలు పదును చేశారు. సున్నపు నీటిలో నానిన చర్మం నుంచి వెంట్రుకలు ఊడతాయి. లందలో బెరడులోని టానిన్లు చర్మంలోని కొల్లాజెన్ పోగులతో బంధం ఏర్పరచుకుని, కుళ్ళిపోయే చర్మాన్ని ఏళ్ళ తరబడి నిలిచే తోలుగా మారుస్తాయి. ఇది సేంద్రియ రసాయనశాస్త్రం. పూవును నెత్తిన పెట్టుకున్న సమాజం బెరడును, ఆ బెరడు రహస్యం తెలిసిన మనిషిని ఊరి బయట ఉంచింది.

గుండె కవాటాల లోపలికి పిల్లలను తీసుకువెళ్ళగల యంత్రం, తోలు పోగుల లోపలికి తీసుకువెళ్ళలేదా? కుమ్మరి ఆవంలో మట్టి రాయిలా మారే క్షణాన్ని, పోచంపల్లి నేతలో నూలుకు ముందే కట్టే లెక్కను, తాటిచెట్టు మీద మోకు సాయంతో గౌడ నిలబడే భౌతికశాస్త్రాన్ని చూపలేదా? ఉత్పత్తి కులాల శ్రమను పాఠంగా మార్చవచ్చని కంచ ఐలయ్య 2007లోనే పిల్లల కోసం ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ రాసి చూపించారు. ఆ పుస్తకం చేసిన పనిని తెరమీదికి తేవడానికి మన విద్యా పరిశోధన, శిక్షణ మండళ్ళకు అడ్డేమిటి? అలాంటి పాఠం నడిచిన రోజున చివరి బెంచీ అమ్మాయి ‘ఇది మా తాత చేసేవాడు సార్’ అని లేచి చెప్పగలుగుతుంది. ఆ ఒక్క రోజు తరగతి గది ఆమె దగ్గర పాఠం నేర్చుకుంటుంది.

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఒక సూటి మాట పెట్టాడు. సర్కారు ఆదాయం రైతు చెమట నుంచి వస్తున్నది, ఖర్చు మాత్రం పై వర్గాల చదువుకు అవుతున్నది అని ఆయన వాదన సారాంశం. పైవారికి చదువు చెబితే అది వడగట్టినట్లు కిందికి దిగుతుందన్న ఆనాటి సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు. ముందు బెంచీతో మొదలుపెడితే హెడ్‌సెట్ ఎలాగూ చివరి బెంచీకి చేరుతుందన్న నమ్మకం ఆ సిద్ధాంతానికి మరో రూపమే. 140 ఏళ్ళు దాటినా అది కిందికి దిగకముందే గంట మోగుతున్నది.

కనుక విద్యార్థి సంఘాలు, దళిత బహుజన ఉద్యమాలు ఈ రంగంలో స్పష్టమైన డిమాండ్లతో ముందుకు రావాలి. ఒకటి, పరికరం ఏ తరగతిలో ఏ పిల్లలకు ఎంత సమయం దక్కిందో బడి స్థాయిలో లెక్క ఉండాలి. ఆ లెక్కను సామాజిక వర్గాల వారీగా, పిల్లల పేర్లు బయటపెట్టకుండా, పాఠశాల యాజమాన్య కమిటీ ముందు ఉంచాలి. రెండు, ప్రజాధనంతో కొనే ప్రతి డిజిటల్ పాఠం ప్రభుత్వ ఆస్తిగా, ఎవరైనా వాడుకోగల విధంగా ఉండాలి. మూడు, సంక్షేమ హాస్టళ్ళలోను, వాడలలోని సామాజిక భవనాలలోను బడి వేళల తర్వాత నడిచే ఉమ్మడి అభ్యాస కేంద్రాలు ఏర్పాటు చేసి, అక్కడ శిక్షణ పొందిన బోధకులను నియమించాలి. నాలుగు, గోండి, కోయ, లంబాడా భాషలలోను, ప్రాంతీయ తెలుగు మాటలలోను పాఠాలు తయారు కావాలి. పిల్లవాడి యాసను తప్పుగా లెక్కించే యంత్రం వెక్కిరించే మేష్టారుకు తీసిపోదు. ఐదు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగా గుర్తించి వారి సమాచారానికి ప్రత్యేక రక్షణ కల్పించింది. ఉచితం పేరుతో పేద పిల్లల సమాచారం కంపెనీల సరుకు కాకుండా ఆ రక్షణను బడిలో అమలు చేయాలి.

ఆరవది నిధుల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చాయి. అందరికీ పంచే పరికరాల ఖర్చును జనాభా దామాషా పేరుతో ఈ నిధుల ఖాతాలో రాయకూడదు. దళిత, ఆదివాసీ బిడ్డలకు నేరుగా, అదనంగా అందే చదువుకే ఆ నిధులు వాడాలి.

ఇవన్నీ ప్రభుత్వాలు చేయవలసిన పనులు. వాటి కోసం ఎదురుచూడకుండా చేయదగిన పని కూడా ఒకటి ఉన్నది. ఆ రోజు సాయంత్రం నేను చూసిన లెక్కను ఆ ఉపాధ్యాయుడి ముందు పెట్టాను. ఆయన నొచ్చుకున్నాడు, కాని వాదించలేదు. కాసేపు ఆ 12 పేర్లను చూస్తూ ఉండిపోయి, ‘రేపు వెనుక బెంచీ నుంచి మొదలుపెడతాను సార్’ అన్నాడు. దానికి టెండరు పిలవనవసరం లేదు, యాప్ దించుకోనవసరం లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆధునిక విద్య పేరుతో వేల కోట్లు వెచ్చించే ప్రభుత్వాలు తమ ప్రతి పథకాన్నీ ఆ ఉపాధ్యాయుడి మాట దగ్గరే మొదలుపెట్టాలి.